టోటల్ లాస్ అయిన కారుకు అడ్వాన్సు ఇచ్చేశాం, ఇప్పుడేం చేయాలి?

నరసరావుపేట దగ్గరి ఒక ఊరి నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు. భర్త ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తారు. ఇద్దరు పిల్లలు. అత్తగారికి కిడ్నీలు దెబ్బతినడంతో వారానికి రెండుసార్లు గుంటూరు తీసుకెళ్లి డయాలసిస్ చేయిస్తున్నారు. ఊళ్లో తెలిసిన ట్యాక్సీ అతను రానూపోనూ 1,800 తీసుకుంటాడు. నెలకు పదిహేను వేల పైనే దానికి పోతోంది. ఆ డబ్బేదో సొంత కారుకు పెడితే పోలేదా అనుకున్నారు.

భర్తకు బావ, అంటే ఈవిడ పెద్దాడపడుచు భర్త, విజయవాడలో ఉంటారు. ఈవిడ ఆయన్ని అన్నయ్యగారు అని పిలుస్తారు. ఆయన తనకు తెలిసిన కార్ కన్సల్టెన్సీలో ఒక పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ చూపించారు. 2022 మోడల్, సింగిల్ ఓనర్, 31 వేల కిలోమీటర్లు తిరిగింది. బయట అలాంటి బండి ఆరున్నర లక్షలు పలుకుతుంటే ఇది 4 లక్షల 10 వేలే. 'నాన్ యాక్సిడెంట్, షోరూం కండిషన్' అని వాట్సాప్‌లో మెసేజ్ కూడా పెట్టారు. భర్త అక్కడికక్కడే యూపీఐలో 50 వేలు అడ్వాన్సు కొట్టేశారు.

తర్వాత ఈవిడ ఇన్సూరెన్సు కోసం తెలిసిన ఏజెంటుకు బండి నంబరు పంపితే అతను ఫోన్ చేసి, 'మేడమ్, ఇది 2024 అక్టోబరులో టోటల్ లాస్ క్లెయిమ్ అయిన బండి, తెలిసే కొంటున్నారా?' అని అడిగాడు. అన్నయ్యగారిని అడిగితే, 'అవునమ్మా, నీళ్లలో కాస్త తడిసింది. కంపెనీ వాళ్లు ఓనరుకు డబ్బిచ్చేశారు. అన్నీ మార్పించి కొత్తదానిలా చేశారు. చెబితే ఊరికే కంగారు పడతారని చెప్పలేదు' అన్నారట. భర్తేమో, 'ఇప్పుడు వద్దంటే బావ ముఖం ఎలా చూసేది, అక్క ఊరుకుంటుందా' అంటున్నారు. డల్లాస్‌లో చదువుతున్న తమ్ముడు, 'ఇక్కడ స్టూడెంట్లం చాలామంది ఇలాంటివే కొంటాం అక్కా, ఏం కాదు' అన్నాడు. కన్సల్టెన్సీ వాళ్లు పంపిన పాత పాలసీ కాపీలో ఐడీవీ, అంటే ఇన్సూరెన్సు కంపెనీ బండికి కట్టిన విలువ, 6 లక్షలని ఉంది. మిగతా డబ్బులో మూడు లక్షలు నగదుగా తెమ్మంటున్నారు. ఇన్సూరెన్సు తామే వేరే కంపెనీలో చేయిస్తామనీ, అక్కడ ఏమీ అడగరనీ చెప్పారు. కొనొచ్చా, కొనకపోతే మా 50 వేలు వెనక్కి వస్తాయా, ఇంట్లో గొడవ కాకుండా బయటపడేదెలా అని ఆవిడ అడుగుతున్నారు.

•

టోటల్ లాస్ అనగానే బండి తుక్కు అయిపోయిందని అనుకోనక్కర్లేదండీ. అది ఇన్సూరెన్సు కంపెనీ వేసుకునే లెక్క. బాగు చేయించే ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే, కంపెనీ రిపేరు జోలికి పోకుండా బండి విలువే కట్టేస్తుంది. పాత కారుకు ఐడీవీ లక్షన్నర ఉందనుకోండి. ముందు బంపరు, హెడ్‌లైట్లు, రేడియేటరు పోయి, రెండు ఎయిర్‌బ్యాగులు విచ్చుకున్నాయంటే సర్వీసు సెంటరు ఎస్టిమేటు లక్షా పన్నెండు వేలు దాటడం పెద్ద పనేం కాదు. అదీ టోటల్ లాసే. కానీ ఆటోనగర్‌లో ఓ మంచి టింకరింగ్ మేస్త్రి దాన్ని చక్కగా నిలబెడతాడు. దొంగలు ఎత్తుకుపోయిన కార్లూ ఉంటాయి. దొరకలేదని పోలీసులు రాసిచ్చాక కంపెనీ డబ్బు కడుతుంది, కొన్నాళ్లకు కారు ఎక్కడో దొరికి వేలానికి వస్తుంది. దాని ఒంటిమీద గీత కూడా ఉండకపోవచ్చు. అందుకే టోటల్ లాస్ బండి ఎవరూ ఎప్పుడూ ముట్టుకోకూడదని నేననను. ఎందుకలా అయింది, తర్వాత ఎవరు ఏం చేశారు, చేసినదానికి కాగితం ఉందా అన్నవే చూడాలి.

ఇప్పుడు మీ కారు లెక్క వేద్దాం. ఐడీవీ 6 లక్షలంటే, నష్టం లెక్కగట్టే సర్వేయరు ముందుకు వచ్చిన ఎస్టిమేటు కనీసం నాలుగున్నర లక్షలు. ఇవాళ మీకు బండి మొత్తమే 4 లక్షల 10 వేలకు ఇస్తున్నారు. వేలంలో బండి కొన్న డబ్బు, బాగు చేయించిన ఖర్చు, పెయింటు, కన్సల్టెన్సీ లాభం, అన్నీ అందులోంచే రావాలి. వేలంలో లక్షన్నరకు కొన్నారనుకుందాం, లాభం యాభై వేలు వేసుకున్నారనుకుందాం. రిపేరుకు మిగిలేది రెండు లక్షల చిల్లర. నాలుగున్నర లక్షల పని రెండు లక్షల్లో ఎలా అయిందన్నది వాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న.

అంత తేడా అంటే మోసమే అనడానికి లేదు. సర్వీసు సెంటరు ప్రతి పార్టునూ కొత్తదే రాస్తుంది, పైన లేబరు, జీఎస్టీ. బయట షెడ్డులో సెకండ్ హ్యాండ్ పార్టు చాలా తక్కువకు దొరుకుతుంది. డోర్లు, సీట్లు, బంపర్లు అలా వేసుకుంటే వచ్చే నష్టం లేదు. కానీ నీళ్లలో మునిగిన బండిలో ఎస్టిమేటును పెంచేవి డోర్లు కావు. వైరింగ్, కంప్యూటర్లు, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూలు, ఇంజను. 'అన్నీ మార్పించాం' అంటున్నారు కదా, వీటిలో ఏది మార్చారు, ఏది ఆరబెట్టి మళ్లీ బిగించారు? మార్చినవాటికి బిల్లులుంటాయి, చూపించమనండి. చూపించలేకపోతే మార్చలేదనే అనుకోండి.

అక్టోబరు 2024లో క్లెయిమ్, నీళ్లలో తడవడం, విజయవాడ. మూడూ కలిపితే ఎవరికైనా బుడమేరు వరదే గుర్తొస్తుంది. ఆ సెప్టెంబరు మొదట్లో సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటల్లో ఇళ్ల ముందున్న బండ్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి. మీ కారు అక్కడిదేనని నేను చెప్పలేను. ఆర్సీ మీద ఓనరు చిరునామా చూడండి. (2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చాక నంబరు ప్లేటు చూసి ఏ జిల్లా బండో చెప్పే రోజులు పోయాయి.) అక్కడిదే అయితే మాత్రం 'కాస్త తడిసింది' అన్న మాట ఆ వరదకు సరిపోదు.

ఇంజనులోకి నీళ్లు పోయాక తెలియక స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. అది పెద్ద నష్టమే కానీ వెంటనే బయటపడుతుంది, ఏదో ఒకటి చేస్తారు. అసలు తంటా మెల్లగా బయటపడేవాటితో. సీట్ల కింద, కార్పెట్ అడుగున మందపాటి ఫోమ్ ఉంటుంది. పైన పొడిగా కనిపిస్తున్నా అందులో తడి నెలల తరబడి నిలుస్తుంది. వైర్ల కట్ట దాని పక్కనుంచే పోతుంది. కనెక్టర్ల లోపల రాగి పిన్నులకు పచ్చటి చిలుము పట్టడం మొదలవుతుంది. కొన్నాళ్లు బండి బ్రహ్మాండంగా తిరుగుతుంది. ఒకరోజు పవర్ విండో ఎక్కదు. ఇంకో రోజు డాష్‌బోర్డు మీద బ్రేకుల ఏబీఎస్ లైటు వెలుగుతుంది. షెడ్డులో కనెక్టరు ఊడదీసి తుడిచి పెడితే పోతుంది, మళ్లీ వారానికి వస్తుంది. ఓ పొద్దున అసలు స్టార్టే కాదు. జబ్బు ఇదీ అని ఏ మెకానిక్కూ తేల్చలేడు. ఇది మార్చి చూద్దాం, అది మార్చి చూద్దాం అంటూ మీ డబ్బుతోనే పరీక్షలు చేస్తాడు.

ఇదే కారు ఒక కుర్రాడు కాలేజీకి తిరగడానికి కొంటుంటే నేనింత గట్టిగా చెప్పేవాణ్ని కాదేమో. మీరు కొంటున్నది డయాలసిస్ అయ్యాక నీరసించిపోయిన పెద్దావిడను ఇంటికి తీసుకురావడానికి. ఫిరంగిపురం దాటాక రోడ్డు పక్కన బండి ఆగిపోతే, ఎండలో ఆవిడను వెనక సీట్లో పెట్టుకుని మీ ఆయన ఎవరికి ఫోన్ చేయాలి? ఆ ట్యాక్సీ అతనికే.

ఎయిర్‌బ్యాగుల సంగతి కూడా చెప్పాలి. వాటి మాడ్యూలు చాలా బండ్లలో గేర్ రాడ్ దగ్గర, నేలకు ఆనుకుని ఉంటుంది. సీటు దాకా నీళ్లొచ్చాయంటే అది మునిగినట్టే. కొత్తది వేయడం ఖర్చు కాబట్టి కొందరు డాష్‌బోర్డులో ఆ లైటే వెలగకుండా చేసి చేతులు దులుపుకుంటారు. తాళం ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ గుర్తు వెలిగి, కొద్ది సెకన్లకు ఆరాలి. అసలు వెలగకపోయినా, ఇంజను స్టార్ట్ అయ్యాక ఆయిల్ లైటుతో పాటే సరిగ్గా ఆరిపోతున్నా అనుమానించాల్సిందే. రెండో రకంలో ఆ లైటు వైరు తెచ్చి దీనికి కలిపి ఉంటారు.

ఇక మీ తమ్ముడి మాట. అతను అబద్ధం చెప్పలేదు. అమెరికాలో ఇన్సూరెన్సు కంపెనీ వదిలేసిన కారుకు సాల్వేజ్ టైటిల్ పడుతుంది. బాగు చేయించి, ఆ రాష్ట్రం అడిగిన కాగితాలో తనిఖీయో పూర్తిచేస్తే రీబిల్ట్ అని మారుతుంది. ఆ ముద్ర యాజమాన్య పత్రం మీదే ఉంటుంది కాబట్టి అమ్మేవాడికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు, ధర అందుకు తగ్గట్టే ఉంటుంది. (ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తిప్పి ఆ ముద్ర చెరిపేసే ఘనులు అక్కడా ఉన్నారు, అది వేరే కథ.) మన ఆర్సీ మీద అలాంటి ముద్ర ఏదీ ఉండదు. రవాణా శాఖ వెబ్‌సైటు వాహన్‌లో నంబరు కొడితే ఎన్నో ఓనరు, లోను ఉందా, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా అన్నవి వస్తాయి, ప్రమాదాలూ మునకలూ రావు. మీ తమ్ముడు తెలిసి కొన్నాడు. మీకు చెప్పకుండా అమ్మబోయారు.

మన చట్టంలో ఉన్నది ఇది. బండి నాశనమైపోయినా, ఇక ఎప్పటికీ వాడటానికి వీల్లేకుండా పోయినా ఓనరు 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేసి ఆర్సీ అప్పగించాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షను చెబుతుంది. అప్పుడు రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. మరి టోటల్ లాస్ అయిన ప్రతి బండీ ఎప్పటికీ పనికిరానిదేనా అంటే కాదు. ఆ సందులోంచే ఈ వ్యాపారం నడుస్తోంది. క్లెయిమ్ తేల్చేటప్పుడు ఆర్సీతో అయితే ఒక రేటు, ఆర్సీ లేకుండా అయితే ఒక రేటు అని పాడైన బండికి ధర కడతారు. ఆర్సీ ఉన్నదానికే ఎక్కువ పలుకుతుంది. ఆర్సీ లేకుండా తేలిన బండి విడిభాగాలకు పోవాలే తప్ప రోడ్డెక్కకూడదు. మీ కారు ఏ పద్ధతిలో తేలిందో తెలుసుకోవడానికి ఒకే ఒక దారి ఉంది. ఆర్సీలో ఉన్న మొదటి ఓనరుతో మీరే నేరుగా మాట్లాడండి. ఆయన దగ్గర కంపెనీ ఇచ్చిన సెటిల్‌మెంట్ లెటరు ఉండాలి. నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో, ఎన్నాళ్లున్నాయో కూడా ఆయనే చెప్పగలరు. ఆయనకు ఇప్పుడు అబద్ధం చెప్పాల్సిన పనేం లేదు, ఆయన డబ్బు ఆయనకు వచ్చేసింది. కన్సల్టెన్సీ వాళ్లు ఆయన నంబరు ఇవ్వడానికి నసిగితే, ఆ నసుగుడే మీకు జవాబు.

ఆర్సీ ఉన్న పాడుబడ్డ బండికి గిరాకీ ఎక్కువ ఉండటానికి ఇంకో కారణం కూడా ఉంది. అదే మోడల్, అదే రంగు కారును ఎక్కడో దొంగిలించి, దాని ఛాసిస్ నంబరు గీకేసి ఈ నంబరు కొట్టి, ఈ ఆర్సీతో అమ్మేసే ముఠాలను ఉత్తరాది పోలీసులు చాలాసార్లు పట్టుకున్నారు. అలాంటి బండి నడపడానికి దివ్యంగా ఉంటుంది. పోలీసులు వచ్చిన రోజున బండి వాళ్లు తీసుకెళతారు, దొంగసొత్తు మీద మీకు హక్కు రాదు, అమ్మినవాడు ఫోనెత్తడు. మీది అలాంటిదని నేననడం లేదు. కానీ ఛాసిస్ నంబరునూ ఇంజను నంబరునూ ఆర్సీతో అక్షరం అక్షరం సరిచూడండి. ఛాసిస్ నంబరు చుట్టూ గ్రైండింగ్ గీతలు, కొత్త పెయింటు, వంకరటింకర అంకెలు ఉంటే ఇక మాటల్లేవు, వెనక్కి తిరిగి వచ్చేయడమే. ఇంజను మార్చి ఉంటే ఆ మార్పు ఆర్సీలోకి ఎక్కి ఉండాలి.

'వేరే కంపెనీలో చేయిస్తాం, ఏమీ అడగరు' అన్న మాట నాకు అన్నిటికంటే నచ్చలేదు. థర్డ్ పార్టీ పాలసీ ఎలాగూ దొరుకుతుంది, అది చట్టప్రకారం ఉండి తీరాల్సింది. మీ బండికి దెబ్బ తగిలితే డబ్బిచ్చే ఓన్ డ్యామేజ్ సంగతి అది కాదు. నంబరు కొట్టగానే మీ ఏజెంటుకు తెలిసిన విషయం రేపు క్లెయిమ్ పెట్టినప్పుడు కంపెనీకి తెలియదా? పాత సంగతి దాచారని వాళ్లు తిరగ్గొడితే మీరు చేయగలిగింది చాలా తక్కువ. అదే ఇప్పుడే ఉన్నదున్నట్టు చెబితే కొన్ని కంపెనీలు బండి చూసి తక్కువ ఐడీవీకి ఇస్తాయి, కొన్ని మాకొద్దంటాయి. మీకు నిజం చెప్పిన ఏజెంటు ఉన్నాడు కదా, అతన్నే అడగండి. జవాబు మెయిల్లో తెప్పించుకోండి.

మూడు లక్షల నగదు మాట వదిలేయండి. రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. జరిమానా తీసుకున్నవాళ్లకు పడుతుంది, నిజమే, కానీ రేపు కోర్టుకెక్కితే ఎంతిచ్చారో రుజువు లేనిది మీకు.

ఇంత చదివాక కూడా బండి చూడాలనే ఉంటే, ఎవరికీ చుట్టం కాని మెకానిక్‌ను తీసుకెళ్లండి. కన్సల్టెన్సీ వాళ్ల షెడ్డు మనిషి వద్దు, అన్నయ్యగారి స్నేహితుడూ వద్దు. రెండు మూడు వేలు ఇచ్చినా పర్లేదు, స్కానర్ ఉన్నవాణ్ని చూసుకోండి. పగటిపూట వెళ్లండి. కారులో అగరొత్తుల వాసనో సెంటు వాసనో గుప్పుమంటే అద్దాలు ఎత్తి, ఏసీ ఆపి, ఎండలో అరగంట నిలపమనండి. తర్వాత డోర్ తీసి వాసన చూడండి. సీటు బెల్టు కనిపించినంత వరకు అందరూ కడుగుతారు. దాన్ని చివరిదాకా లాగండి. లోపల చుట్టుకుని ఉండే ఆఖరి జానెడు ఎవరూ కడగరు, మట్టి మరక అక్కడ దొరుకుతుంది. స్టెప్నీ పైకి తీసి ఆ గుంటలో వేలు పెట్టి చూడండి. సీటు పట్టాల బోల్టులు తుప్పుపట్టి ఉన్నాయా, వాటి మీద పానా పడిన గుర్తులున్నాయా చూడండి. మూడేళ్ల చిల్లర బండిలో సీట్లు ఊడదీయాల్సిన అవసరం మామూలుగా రాదు. మెకానిక్ చేత ఒకటి రెండు కనెక్టర్లు, స్టీరింగ్ కింద ఉండేవి, విప్పించి పిన్నులు చూపించమనండి. అక్కడ పచ్చ కనిపిస్తే మిగతావి విప్పే పని లేదు. ఆ కంపెనీ సర్వీసు సెంటరులో పాత సర్వీసు రికార్డు కూడా అడగండి. చివరి సర్వీసు ఎప్పుడు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, వరద తర్వాత అక్కడికి వచ్చిందా అన్నవి తెలుస్తాయి. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. ఇవి చెడుగా ఉంటే బండి చెడ్డదే, బాగున్నంత మాత్రాన మంచిదైపోదు. చిలుము బయటపడటానికి టైం పడుతుంది.

మరి మీ ముందున్న దారులేమిటి?

కొంటాం అనుకుంటే ఈ షరతుల మీదే కొనండి. సెటిల్‌మెంట్ లెటరు చూడాలి, బిల్లులు చూడాలి, ఇన్సూరెన్సు మీ ఏజెంటు చేతులమీదుగా నిజం చెప్పి పడాలి, డబ్బంతా బ్యాంకు ద్వారా పోవాలి, ఆర్సీ మీ పేరు మీదకు మారాకే ఆఖరి లక్ష ఇవ్వాలి. ఇవన్నీ సరిపోయినా 4 లక్షల 10 వేలు ఎక్కువే. మంచి బండి ధరలో సగానికి మించి నేనైతే పెట్టను. అంటే మూడుంపావు లక్షలు, పైగా వైరింగ్ కోసమని యాభై వేలు పక్కన ఉంచుకోవాలి. రేపు మీరు అమ్మేటప్పుడు ఇదే సంగతి మీరూ చెప్పాలి, మీకూ అంతే తగ్గుతుంది. పిల్లలతో ఊళ్లో తిరగడానికి ఇది నడిచిపోవచ్చు. అత్తగారి డయాలసిస్‌కు మాత్రం నేను ఒప్పుకోలేను. అసలు కొనేదే అందుకు కాబట్టి ఈ దారి మీకు పనికొచ్చేలా లేదు.

అదే డబ్బుకు 2016, 17 నాటి హ్యాచ్‌బ్యాక్ దొరుకుతుంది. మీ ఊళ్లోనో నరసరావుపేటలోనో ఒకే డాక్టరుగారో లెక్చరరుగారో వాడిన బండి, సర్వీసు రికార్డు ఉన్నది. చూడటానికి పాతగా ఉంటుంది, టచ్ స్క్రీన్ ఉండదు, అన్నయ్యగారు చూపించినదాని ముందు వెలవెలబోతుంది. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు కాబట్టి 2031 దాకా ఢోకా లేదు. టైర్లు, బ్యాటరీ, క్లచ్ మార్చాల్సి రావచ్చు, కానీ అవి ఏ మెకానిక్కైనా చూడగానే చెప్పే ఖర్చులు. నన్నడిగితే కారు కొనాలనుకునేవాళ్లకు ఇదే మేలు.

ఇప్పుడప్పుడే ఏదీ కొనకపోవడం కూడా ఒక దారే. 4 లక్షల 10 వేలంటే మీ ట్యాక్సీ ఖర్చు 26 నెలలకు సరిపోతుంది. సొంత కారైతే ట్రిప్పుకు అయిదారు వందల పెట్రోలు ఎలాగూ పోతుంది, ఇన్సూరెన్సు, సర్వీసు వేరే. అంటే నెలకు నిజంగా మిగిలేది పదివేలకు లోపే. ఇంకో సంగతి మీ ఉత్తరంలో లేదు: వారానికి రెండు రోజులు ఆ కారు నడిపేదెవరు? డయాలసిస్‌కు నాలుగు గంటలు, ప్రయాణానికి రెండున్నర గంటలు. మీ ఆయన దుకాణం మానేస్తే ఆ రోజు జీతం పోతుంది, డ్రైవరును పెడితే మిగిలిందనుకున్నది అతనికే పోతుంది. ట్యాక్సీ అతనితో నెలవారీ లెక్కన మాట్లాడి చూడండి. నెలకు ఎనిమిది తొమ్మిది ట్రిప్పులు ఖాయంగా ఇచ్చే ఇంటికి అతను ఎంతో కొంత తగ్గిస్తాడు. ఈలోగా తొందరపడకుండా మంచి బండి వెతుక్కోవచ్చు. పిల్లల సరదా, ఇంటి ముందు కారు ఉండాలన్న కోరిక తప్పని కాదు, కానీ దాన్ని డయాలసిస్ ఖర్చుతో కలిపి లెక్క వేస్తే లెక్క తప్పుతుంది.

ఇంటి గొడవ దగ్గరికి వద్దాం. అన్నయ్యగారు కమీషన్ తీసుకున్నారా అన్న ప్రశ్న ఎవరూ ఎత్తకండి. తీసుకోకపోతే జన్మలో మరచిపోరు, తీసుకుంటే ఇంకా గట్టిగా అరుస్తారు. ఆయన మంచి ఉద్దేశంతోనే చేసి ఉండొచ్చు. అయినా 'కంగారు పడతారని చెప్పలేదు' అన్న మాటకు అర్థం, చెబితే మీరు వద్దంటారని ఆయనకు తెలుసనే. కాబట్టి మీరు వద్దనడం ఆయనకు మరీ వింత కాదు.

మాట్లాడాల్సింది మీరు కాదు, మీ ఆయన. మీరు నోరు తెరిస్తే అది 'కోడలు అడ్డం పడింది' అవుతుంది. ఆయన కూడా బావతో కన్నా ముందు అక్కతో మాట్లాడితే మంచిది. ఆ కారులో గుంటూరు వెళ్లబోయేది ఆవిడ కన్నతల్లి. 'అక్కా, బండి నీళ్లలో మునిగిందట, ఎయిర్‌బ్యాగులు పనిచేస్తాయో లేదో చెప్పేవాళ్లు లేరు, ఇన్సూరెన్సు పూర్తిగా పడదంటున్నారు, అమ్మను అందులో ఎక్కించడానికి నాకు ధైర్యం చాలడం లేదు' అంటే చాలు. కారు మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి దిగొద్దు. బావగారు 'నాదీ పూచీ' అంటే, 'బావా, నీ మాట మీద నమ్మకం లేక కాదు, కంపెనీ కాగితం అడుగుతోంది' అనమనండి. తప్పు ఇన్సూరెన్సు కంపెనీ మీదకు నెట్టేస్తే ఇంట్లో ఎవరి పరువూ పోదు. కొన్నాళ్లు ముభావంగా ఉండొచ్చు. అది భరించగలిగిందే. బండి కొని, అది నెలకోసారి షెడ్డుకు పోతుంటే ప్రతిసారీ ఇంట్లో బావగారి పేరు వస్తుంది, ఆ గొడవకు అంతుండదు.

యాభై వేల సంగతి. ముందు మీ ఆయన చేత కన్సల్టెన్సీకి వాట్సాప్‌లోనే మర్యాదగా రాయించండి: నాన్ యాక్సిడెంట్, షోరూం కండిషన్ అని చెప్పారు, టోటల్ లాస్ అయిన సంగతి అడ్వాన్సు ఇచ్చేముందు చెప్పలేదు, కాబట్టి కొనడం లేదు, డబ్బు వెనక్కి వేయండి అని. ఫోన్‌లో అరుచుకోవడం వల్ల ఏమీ మిగలదు, రాతలో ఉంటే మిగులుతుంది. ముఖ్యమైన సంగతి దాచిపెట్టి కుదుర్చుకున్న బేరానికి కొనేవాళ్లు కట్టుబడి ఉండక్కర్లేదు. ఐదో పదో వేలు పట్టుకుని మిగతాది ఇస్తామంటే, నా ఉద్దేశంలో తీసుకుని బయటపడటం మంచిది.

అసలు ఇవ్వనే ఇవ్వబోమంటే, వాళ్లకు రవాణా శాఖ ఇచ్చిన అధీకృత డీలరు సర్టిఫికెట్ ఉందా అని అడగండి. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్లు కొని అమ్మేవాళ్లు అది తీసుకోవాలని నిబంధన ఉంది. లేనివాళ్లు ఫిర్యాదు మాట వినగానే కాస్త దారికొస్తారు. తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. రెండేళ్లలోపు వేయొచ్చు, ఐదు లక్షల దాకా ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వేసుకోవచ్చు. నెలలు పడుతుందన్న మాట నిజమే, అందుకే దాన్ని ఆఖరున పెట్టాను. రసీదు లేదని బెంగ వద్దు, యూపీఐ ఎంట్రీ, ఆ 'షోరూం కండిషన్' మెసేజ్ రెండూ ఉంటే చాలు. అవి మీ ఆయన ఫోన్‌లో ఉన్నాయి కాబట్టి ఇవాళే స్క్రీన్‌షాట్లు తీసి మీ ఫోన్‌కు కూడా పంపించుకోండి.